పాత సైకిల్: మొత్తంగా అమ్మాలా, విప్పి అమ్మాలా?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పదమూడు సైకిళ్ళు దుమ్ము కొట్టుకుని పడున్నాయి, మొన్న కూర్చుని లెక్కపెట్టాను. సగానికి పైగా 2020 లాక్‌డౌన్‌లో కొన్నవే. జిమ్ములు మూసేశారని జనం అంతా ఒకేసారి సైకిల్ షాపుల మీద పడ్డ రోజులవి, గేర్ల సైకిల్ కావాలంటే డబ్బులు కట్టి వారాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఇప్పుడు వాటి టైర్లు నేలకి అతుక్కుపోయాయి. అసోసియేషన్ వాళ్ళు "ఈ నెలాఖరులోగా తీయకపోతే తుక్కుకి వేసేస్తాం" అని నోటీసు అంటించడంతో ఒక్కొక్కరూ నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. అందరిదీ ఒకే ప్రశ్న: ఇలాగే అమ్మేయాలా, విప్పి సామాను విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందా?

ముందే చెప్పేస్తాను. పది సైకిళ్ళలో తొమ్మిది మొత్తంగానే అమ్మాలి. విప్పితే ఎక్కువ వస్తుందనేది బయటి దేశాల వీడియోలు చూసి మనవాళ్ళకి పుట్టిన ఆశ. అక్కడ మెకానిక్ దగ్గరికి వెళ్తే చేతికూలీయే తడిసి మోపెడవుతుంది కాబట్టి చాలామంది ఇంట్లోనే రిపేర్లు చేసుకుంటారు, పాత పార్టులు కొనేవాళ్ళు బోలెడు. మన దగ్గర సందు చివర సైకిల్ షాపతను కొత్త సామాను తెచ్చి బిగించి, కూలీ కింద వందో రెండొందలో తీసుకుంటాడు. షిమానో కంపెనీ టూర్నీ రకం డెరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేది) కొత్తదే వెయ్యి లోపు దొరుకుతుంటే, మీరు వాడి వదిలేసినదాన్ని నాలుగొందలు పెట్టి ఎవడు కొంటాడు?

నేను చేసి మునిగిన పనే కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను. నాకొక 26 అంగుళాల చక్రాల మౌంటెన్ బైక్ ఉండేది. మొత్తం కలిపి తొమ్మిది వేలకి ఒకతను అడిగాడు, గట్టిగా పట్టుకుంటే ఇంకో ఐదొందలు పెంచేవాడేమో. నేను మాత్రం కాగితం మీద లెక్కలు వేసుకుని, పద్నాలుగు వేలు వస్తాయని తేల్చుకుని విప్పేశాను. హైడ్రాలిక్ (పైపులో ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకులు 2,200కి పోయాయి. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచేది) 2,500, చక్రాల జత 1,800, షిఫ్టర్లు (హ్యాండిల్ మీద గేర్లు మార్చే మీటలు) డెరైలర్లు కలిపి 1,500. మొత్తం ఎనిమిది వేలు, అందులో కొరియర్‌కి ఆరొందలు పోగా 7,400. అదీ ఐదు నెలలకి. ఇక ఫ్రేము ఉంది చూశారూ, అది ఇప్పటికీ మా బాల్కనీలోనే ఉంది. కొత్త మౌంటెన్ బైకులన్నీ 27.5, 29 అంగుళాలకి మారిపోయాక 26 ఫ్రేము ఎవరికి కావాలి? మా ఆవిడ దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తోంది.

అందుకే విప్పే ముందు ఒక లెక్క వేసుకోండి. తెల్లకాగితం మీద ఒక్కో పార్టు పేరూ రాసి, దాని పక్కన అది కొత్తది ఇప్పుడు ఎంతకి దొరుకుతుందో రాయండి, మీరు కొన్నప్పటి ధర కాదు. అందులో సగం మీకు వస్తుందనుకోండి. ఫ్రేముకి సున్నా వేయండి. వాడిన చైన్, వెనక పళ్ళ చక్రాలు, కేబుళ్ళు, హ్యాండిల్ గ్రిప్పులు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే భాగం), వీటన్నిటికీ సున్నాయే. వచ్చిన మొత్తంలోంచి పార్సెల్ ఖర్చులు, స్పానర్లు కొనాల్సి వస్తే వాటి ఖర్చు తీసేయండి. మిగిలింది, సైకిల్‌ని మొత్తంగా అమ్మితే వచ్చేదానికంటే కనీసం మూడో వంతు ఎక్కువుంటేనే రెంచి పట్టుకోండి. ఎందుకంటే ఆ తేడా అంతా మీ ఆదివారాల ఖరీదు.

విప్పితే నిజంగా లాభం ఉండే సందర్భాలు నాకు తెలిసి మూడు.

ఒకటి, ఫ్రేము పోయినప్పుడు. వెల్డింగ్ దగ్గర జుట్టు వెంట్రుకంత పగులొచ్చినా ఆ సైకిల్ మొత్తంగా అమ్మకూడదు. అల్యూమినియం ఫ్రేముకి వీధి వెల్డింగ్ షాపులో అతుకు వేయించి, పెయింట్ కొట్టి అంటగట్టేవాళ్ళు ఉన్నారు, అది ఎదుటివాడి పళ్ళు రాలగొట్టే పని. మిగతా సామాను బాగుంటే విడిగా అమ్ముకోండి, ఫ్రేము తూకానికి వేసేయండి. కార్బన్ ఫోర్కు, కార్బన్ హ్యాండిల్ కూడా అంతే, గట్టిగా కిందపడ్డవైతే పైకి బాగా కనబడినా అమ్మకండి. హెల్మెట్ అయితే అసలే వద్దు.

రెండు, సామాను మంచి రకమైనప్పుడు. మౌంటెన్ బైకుల్లో షిమానో వాళ్ళ డియోర్ రకం నుంచి పైకి, రోడ్ బైకుల్లో టియాగ్రా, 105 అనే రకాల నుంచి పైకి ఉన్నవాటికి కొనేవాళ్ళు ఉంటారు, ఎందుకంటే కింది రకం సైకిల్ ఉన్నవాళ్ళు వాటికి మారాలని చూస్తుంటారు. కానీ ముక్కలు ముక్కలు చేయకండి. షిఫ్టర్లు, ముందు వెనక డెరైలర్లు, క్రాంకు (పెడల్ కడ్డీ), క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాలు) కలిపి ఒకే సెట్టుగా పెట్టండి. షిమానోలో రోడ్ షిఫ్టర్‌కీ మౌంటెన్ డెరైలర్‌కీ చాలావరకు పొంతన కుదరదు, కేబుల్ లాగే కొలత వేరు, గేర్ల సంఖ్య తేడా ఉంటే అదొక గోల. కొనేవాడికి ఆ టెన్షన్ లేకుండా అన్నీ ఒకేచోట దొరికితే పదో పరకో ఎక్కువ ఇస్తాడు.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, అసలు సిసలు లాభం ఉన్నది కూడా. మీరు సైకిల్ కొన్నాక దానికి మంచి చక్రాలు, మంచి సీటు, షూకి తగులుకునే క్లిప్ పెడళ్ళు వేయించుకుని, షాపులో వచ్చిన పాత సామాను అటక మీద పడేసి ఉంటారు. దాన్ని కిందికి దించండి. పాతవే మళ్ళీ బిగించి సైకిల్ మొత్తంగా అమ్మేయండి, మంచివి విడిగా అమ్మండి. మా బావమరిది రోడ్ బైక్‌కి అన్నీ వేసి పెడితే 32 వేలకి మించి ఎవరూ రాలేదు. సైకిల్ కొనేవాడికి సైకిలే కనబడుతుంది, చక్రాలకి మీరు పోసిన డబ్బు కనబడదు. తర్వాత షాపు చక్రాలు తగిలించి పెడితే 29 వేలకి పోయింది. తీసిన చక్రాలు ఒక గ్రూపులో 11 వేలకి, పెడళ్ళూ షూలూ కలిపి 3,500కి పోయాయి. మొత్తం 43,500. దీనికి అతను చేసిందల్లా ఒక సాయంత్రం చక్రాలు మార్చడం, అంతే. అటక మీద పాత సామాను పారేసిన వాళ్ళకి ఈ దారి లేదు, కాబట్టి ఇప్పుడే సైకిల్ కొంటున్నవాళ్ళు ఆ డబ్బా దాచుకోండి.

పిల్లల సైకిళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 14, 16, 20 అంగుళాలవి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికి పోతాయి, మార్చి నెలాఖర్లోనో ఏప్రిల్ మొదట్లోనో పెట్టండి, వేసవి సెలవులకి ముందు అందరూ వెతికేది అప్పుడే.

ఇక మొత్తంగా అమ్మేవాళ్ళ పని.

ముందు సైకిల్‌ని తిరగేసి పెడళ్ళు తిరిగే చోట, ఫ్రేము అడుగున చూడండి. అక్కడ ఒక నంబరు చెక్కి ఉంటుంది, మట్టి పేరుకుని ఉంటే పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అదే మీ సైకిల్ ఫ్రేము నంబరు. సైకిల్‌కి ఆర్‌సీ ఉండదు, అందుకే ఈ నంబరూ, మీరు కొన్న బిల్లూ, ఇవే మీది అని చెప్పే ఆధారాలు. కొన్నిసార్లు నంబరు హ్యాండిల్ కిందో సీటు గొట్టం మీదో ఉంటుంది. బిల్లు పోయినా కంగారు పడకండి, షాపు నుంచి వచ్చిన మెయిలో, అప్పట్లో మీరు సైకిల్‌తో దిగిన ఫొటోనో వెతికి పెట్టుకోండి. ఆ నంబరుని ప్రకటనలో మాత్రం పెట్టకండి, ఎదురుగా వచ్చిన మనిషికి చూపిస్తే చాలు.

తర్వాత కడగడం. బకెట్ నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత గుడ్డ చాలు. బైక్ సర్వీసింగ్ వాడి ప్రెషర్ గన్ కింద పెట్టొద్దు, ఆ నీళ్ళు బేరింగుల్లోకి పోయి గ్రీజుని కడిగేస్తాయి, రెండు వారాలకి కరకరమంటుంది. చైన్‌ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో లింకుకీ చుక్క చుక్క నూనె వేసి, పైన మిగిలింది మళ్ళీ తుడిచేయండి. కొబ్బరినూనె పోసేవాళ్ళు ఉన్నారు, దండం పెడతాను, వద్దు.

చైన్ అరుగుదల చూసుకోవడానికి పిల్లల జామెట్రీ బాక్సులో చిన్న స్కేలు కాకుండా 12 అంగుళాల స్కేలు తీసుకోండి. ఒక పిన్ను నడిమధ్య సున్నా పెడితే, కొత్త చైన్‌లో సరిగ్గా 12 దగ్గర ఇంకో పిన్ను నడిమధ్య పడుతుంది. అంగుళంలో పదహారో వంతు దాటి పోయిందంటే చైన్ మార్చే టైమ్ వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి. దాన్ని మీరు మార్చాల్సిన పనిలేదు, కొనేవాడికి ఉన్నదున్నట్టు చెప్పి ఆ మేరకు ధర తగ్గించండి. అమ్మే సైకిల్‌కి కొత్త చైనూ కొత్త క్యాసెట్టూ వేయిస్తే ఆ డబ్బులు మళ్ళీ రావు.

మరి ఏం చేయించాలి? ఐదు నిమిషాలు తొక్కి చూసినవాడికి ఏం తెలుస్తుందో అవి చేయించండి. పంక్చర్, గాలి, బ్రేక్ షూలు, బిగుసుకుపోయిన కేబుల్, వంకర తిరుగుతున్న చక్రం. చక్రం బెండు తీయించడానికి అయ్యేది కొంచెమే కానీ, వంకర చక్రం ఊగుతూ బ్రేకుకి తగులుతుంటే కొనేవాడు వెంటనే రెండు వేలు కోసేస్తాడు. టైరు పక్కన పగుళ్ళొచ్చి ఉంటే మామూలు కొత్త టైరు వేయించేయండి, కొనేవాడి కన్ను మొదట అక్కడే పడుతుంది.

ధర విషయంలో చాలామంది తప్పు చేసేది ఎక్కడంటే, తాము కొన్న ధర పట్టుకుని కూర్చుంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీదా వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే అంతకుముందు మీరు కొన్న సైకిల్‌కి సాటి వచ్చే కొత్తది ఇప్పుడు అంతకంటే తక్కువకే దొరకవచ్చు. కొనేవాడు ఫోన్ తీసి ఆ కొత్త ధరే చూపిస్తాడు, మీ 2021 బిల్లు వాడికెందుకు? నేను వాడే లెక్క మోటుగా ఇలా ఉంటుంది: ఇప్పటి కొత్త ధరలో, ఏడాది లోపుదైతే అరవై ఐదు శాతం, మూడేళ్ళదైతే నలభై ఐదు, ఐదేళ్ళు దాటితే ముప్ఫై. సెల్లార్‌లో పడి ఉన్నదైతే ఇంకో పది శాతం తగ్గించండి, "అసలు తొక్కనే లేదు" అనే మాటకి విలువ లేదు, తొక్కని సైకిలే ఎక్కువ పాడవుతుంది. తేలినదాని మీద బేరానికి ఒక వెయ్యి పెంచి పెట్టండి.

ఎక్కడ పెట్టాలి అంటే, పదివేల లోపు మామూలు సైకిల్ అయితే ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, మీ కాలనీ గ్రూపు. అంతకంటే ఖరీదైనవైతే సైక్లింగ్ చేసేవాళ్ళ గ్రూపులే మేలు, అక్కడ మీ సైకిల్ విలువ తెలిసినవాళ్ళు ఉంటారు, "లాస్ట్ ఎంత అన్నా" అని మాత్రమే అడిగి మాయమయ్యేవాళ్ళు తక్కువ. హైదరాబాద్ వాళ్ళకి ఇంకో సౌకర్యం ఉంది. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన పైన సోలార్ పలకలతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు కదా, కొనేవాడిని ఆదివారం పొద్దున్నే నానక్‌రామ్‌గూడ వైపో నార్సింగి వైపో రమ్మంటే ట్రాఫిక్ లేకుండా తొక్కి చూసుకుంటాడు. సైకిల్‌ని అక్కడ ఒక గంట నిలబెట్టి పక్కన టీ తాగుతుంటే ఇంకో నలుగురు వచ్చి అడుగుతారు. విశాఖ వాళ్ళకి తెల్లవారుజామున బీచ్ రోడ్డు ఎలాగూ ఉంది.

ఫొటోలు పొద్దున్నో సాయంత్రమో ఖాళీ గోడకి ఆనించి తీయండి. చైన్ ఉన్న వైపు, అంటే కుడివైపు నుంచి మొత్తం ఒకటి, వెనక గేర్ల దగ్గరగా ఒకటి, హ్యాండిల్ ఒకటి, సొట్టలూ గీతలూ ఉంటే వాటివి విడిగా. గీతలు దాచకండి. ముందే చూపిస్తే వచ్చినవాడికి వాటి మీద బేరమాడే అవకాశం పోతుంది. ప్రకటనలో ఎక్కువమంది రాయడం మర్చిపోయేది ఫ్రేము సైజు. సైజు తెలియకపోతే ఎంత ఎత్తు మనిషికి సరిపోతుందో రాయండి. నేను రాసే పద్ధతి ఇలా ఉంటుంది:

"హైబ్రిడ్ సైకిల్, 2021 ఆగస్టులో కొన్నది, బిల్లు ఉంది. మీడియం సైజు, ఐదున్నర నుంచి ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషికి బాగుంటుంది. 700సి చక్రాలు, డిస్క్ బ్రేకులు, 3x8 గేర్లు (ముందు 3, వెనక 8). సుమారు 2,000 కిలోమీటర్లు తిరిగింది. చైన్ అరిగింది, ఆర్నెల్లలో మార్చుకోవాలి. కింద గొట్టం మీద ఒక గీత ఉంది, ఫొటోలో చూడండి. కూకట్‌పల్లిలో చూసుకోవచ్చు. 13,000. చూడకుండా ఫోన్లో బేరం లేదు."

ఆఖరి వాక్యం ముఖ్యం. అది పెట్టకపోతే "ఎంతకిస్తవ్ అన్నా", "ఏడువేలకి ఇస్తారా బ్రో" అనే మెసేజ్‌లతోనే రోజు గడిచిపోతుంది.

మోసాల సంగతి. "నేను ఆర్మీలో పనిచేస్తున్నాను, బేరం వద్దు, అడిగినంత ఇస్తాను, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, ముందు డబ్బులు పంపిస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అని ఫోనొస్తే వెంటనే పెట్టేయండి. మనకి డబ్బులు రావడానికి క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతున్నట్టే. సైకిల్ చూడకుండా ధర ఒప్పుకునేవాడిని అసలు నమ్మొద్దు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. స్క్రీన్‌షాట్ చూపించి "పంపేశాను" అనేవాడిని కూడా మీ బ్యాంకు మెసేజ్ వచ్చేదాకా కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి.

తొక్కి చూస్తానన్నవాడిని తొక్కనివ్వాలి, తప్పదు, కానీ వాడు వచ్చిన బండి తాళం మీ జేబులో ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి, నిజంగా కొనేవాడు ఏమీ అనుకోడు. డబ్బులు అందాక ఒక కాగితం రాసుకోండి: ఫలానా తేదీన, ఫలానా ఫ్రేము నంబరు సైకిల్‌ని, ఇంతకి, ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను, కొన్నాను. ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, సంతకాలు. ఒక ఫొటో తీసుకుంటే సరి. రేపు ఆ సైకిల్ ఏ గొడవలో ఉన్నా మీ తలకి చుట్టుకోదు.

ఇంత చెప్పినా విప్పుతాననేవాళ్ళకి నాలుగు జాగ్రత్తలు.

పెడళ్ళతో మొదలుపెట్టండి, 15 మి.మీ. స్పానర్ కావాలి. కుడి పెడల్ మామూలుగానే ఎడమవైపు తిప్పితే వదులవుతుంది. ఎడమ పెడల్ మర ఉల్టా, కుడివైపు తిప్పితేనే వస్తుంది. ఈ సంగతి తెలియక బలంకొద్దీ తిప్పి క్రాంకు మరలు తినేసిన సైకిళ్ళు ఎన్నో చూశాను. చాలా సైకిళ్ళలో బాటమ్ బ్రాకెట్‌కి కుడివైపు కప్పు కూడా ఇలాగే ఉల్టా మరే. రాకపోతే ముందురోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. క్రాంకు లాగడానికి పుల్లర్ వాడేటప్పుడు, దాన్ని చేత్తో పూర్తిగా లోపలికి ఎక్కించాకే తిప్పాలి, రెండు మరల మీద పట్టించి తిప్పారంటే క్రాంకు మరలు ఊడి చేతికొస్తాయి, దాంతో దాని విలువ కూడా సున్నా. అసలు బాటమ్ బ్రాకెట్ జోలికే పోకుండా, క్రాంకు, బాటమ్ బ్రాకెట్ రెండు పనులూ సైకిల్ షాపతనికి ఇచ్చి చేయించుకుంటే రెండొందలతో పోతుంది, ఆ టూల్స్ కొంటే అంతకు నాలుగింతలు.

హైడ్రాలిక్ బ్రేకులైతే పైపు కోయకండి. లీవరు, పైపు, కాలిపర్ (ప్యాడ్లు ఉండే భాగం) మొత్తం ఒకే ముక్కగా తీయండి, పైపు ఫ్రేము లోపల్నుంచి వెళ్తే మాత్రం షాపుకి పోవాల్సిందే. డిస్క్ తీసేశాక ప్యాడ్ల మధ్య దళసరి అట్టముక్క పెట్టి రబ్బరు బ్యాండు వేయండి, ఎందుకంటే ఇంట్లో పిల్లాడు ఒకసారి లీవరు నొక్కితే ప్యాడ్లు దగ్గరకొచ్చేసి పిస్టన్లు బయటికొస్తాయి, మళ్ళీ వెనక్కి నెట్టడం పెద్ద పని.

కొలతలు రాయకుండా ఏ పార్టూ పెట్టకండి. సీటుకి కింద ఉండే గొట్టం మీద మిల్లీమీటర్లలో 27.2 అనో 30.9 అనో 31.6 అనో చెక్కి ఉంటుంది, ఆ పాయింట్ తేడాకే పట్టదు. చక్రాలకి సైజుతో పాటు ఇరుసు రకం చెప్పాలి: క్విక్ రిలీజా (చిన్న లీవరు తిప్పితే వదులయ్యేది), త్రూ యాక్సిలా (లావుపాటి ఇరుసు మరతో బిగించేది), వెనకది వెడల్పు మిల్లీమీటర్లలో 130నా, 135నా, 142నా. వెనక చక్రానికి ఫ్రీవీలు మరతో ఎక్కేదా, క్యాసెట్ జారి కూర్చునేదా అనేది కూడా. ఫోర్కుకి పైకి వచ్చే గొట్టం పొడవు స్కేలు పెట్టి కొలిచి ఫొటో తీయండి, పొట్టిగా కోసిన ఫోర్కు ఎత్తుగా ఉన్న ఫ్రేముకి పనికిరాదు, అది కొనేవాడు మొట్టమొదట అడిగే ప్రశ్న. బోల్టులు, వాషర్లు ఏ పార్టువి ఆ పార్టుతో చిన్న కవర్లో వేసి దానికే కట్టేయండి. ఒక్క బోల్టు లేదని మూడొందలు తగ్గించి ఇచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

వేరే ఊరికి పంపాలంటే సైకిల్ షాపులో ఖాళీ అట్టపెట్టె అడగండి, కొత్త సైకిళ్ళు వచ్చినవి ఉంటాయి, టీ డబ్బులిస్తే ఇచ్చేస్తారు. ముందు చక్రం తీసి పక్కన కట్టి, హ్యాండిల్ తిప్పి, పెడళ్ళు విప్పి పెట్టాక ఫోర్కు చివరల మధ్య ఒక చెక్కముక్క ఇరికించండి, లేకపోతే పైన బరువు పడి వంగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకో ఖమ్మానికో ఆర్టీసీ కార్గోలో వేస్తే సరిపోతుంది, అవతలివాళ్ళు బస్టాండుకి వెళ్ళి తీసుకుంటారు. ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

ఇదంతా గేర్ల సైకిళ్ళ కథ. తాతగారి సైకిల్ సంగతి వేరు. ఊళ్ళో దొడ్డి గోడకి ఆనించి, కొబ్బరి మట్టల కింద పడున్న నల్ల సైకిల్, ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు, తోలు సీటు, 28 అంగుళాల చక్రాలు. దాని బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది. పాత సామాన్లవాడికి వేస్తే కిలో ముప్ఫై అనుకున్నా వచ్చేది ఆరొందలు. వాడికి వేసే ముందు ఒకసారి తుడిచి చూడండి. ముందు గొట్టం మీద ఇత్తడి బిళ్ళ ఏ కంపెనీదో చదవండి. అట్లాస్ అయితే, 1951లో సోనీపత్‌లో మొదలైన కంపెనీ, సాహిబాబాద్ ఫ్యాక్టరీ పని ఆపేసింది 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. అప్పట్నుంచి ఆ పేరంటే కొంచెం మమకారం పెరిగింది జనానికి. ఇంగ్లండ్‌లో తయారైన రాలీ అయితే ఇంకా జాగ్రత్త. వెనక చక్రం మధ్యలో స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఉంటే దాని మీద గుడ్డతో రుద్దండి, చాలావాటి మీద తయారైన సంవత్సరం రెండంకెల్లో కొట్టి ఉంటుంది. సైకిల్ వయసు అంచనా వేయడానికి అంతకంటే తేలికైన దారి లేదు.

ఇలాంటిదాన్ని విప్పొద్దు. పెయింట్ అసలే వేయించొద్దు, కొనే మోజున్నవాళ్ళకి ఆ పాత రంగు, అరిగిపోయిన బంగారు గీతలే కావాలి, కొత్త నలుపు పెయింట్ కొట్టిస్తే మీ చేత్తో మీరే ధర తగ్గించుకున్నట్టు. అసలు బెల్లు, డైనమో, చైన్ కవరు ఎక్కడైనా గూట్లో పడున్నాయేమో వెతకండి. అవి ఉంటే సైకిల్‌తో కలిపే ఇవ్వండి. పెడల్ కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్నుని సుత్తితో కొట్టకండి, వంగితే దాన్ని డ్రిల్లు వేసి తీయాల్సి వస్తుంది. కేఫుల్లో గోడకి తగిలించుకునేవాళ్ళు, ఫొటో స్టూడియోలవాళ్ళు కూడా వీటిని అడుగుతుంటారు, వాళ్ళకి నడిచినా నడవకపోయినా ఒకటే. నా మటుకు నాకు నడిపేవాడికి ఇవ్వడమే ఇష్టం, రెండు వేలు తక్కువైనా.

అన్నీ అయ్యాక ఎవరూ కొననివి మిగులుతాయి. నడిచే స్థితిలో ఉంటే వాచ్‌మన్‌కో, పని మనిషి కొడుక్కో ఇచ్చేయండి, గాలి కొట్టించి, బ్రేకులు చూపించి ఇవ్వండి, పంక్చర్‌తో ఇస్తే ఆ ఖర్చు వాళ్ళ మీద పడుతుంది. నడవని వాటిని సైకిల్ షాపతనికి ఇస్తే పుల్లలూ, గోళీలూ, నట్లూ ఏరుకుని పెట్టుకుంటాడు, బదులుగా మీ ఇంకో సైకిల్‌కి ఒక ఓవరాలింగ్ అడగొచ్చు, నేను రెండుసార్లు అలాగే చేయించుకున్నాను. అదీ కాకపోతే తూకం.

అన్నట్టు, నా దగ్గర ఒక ఫ్రేము ఉంది. 26 అంగుళాల చక్రాలకి సరిపోయేది, 18 అంగుళాల సైజు, నలుపు, సొట్టలు లేవు, సీటు గొట్టం 27.2. బాల్కనీలో ఒకేసారి మూడు తువ్వాళ్ళు ఆరేసుకోవచ్చు. ధర మీరే చెప్పండి.